నీలం ముంచని జల్లెడ

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే బురద కడుగుతానని చెప్పేదాన్ని. వినేవాళ్లు వేళాకోళం అనుకునేవారు గాని అందులో అబద్ధం పెద్దగా లేదు. తొంభైల నడుమ మా ల్యాబు నాంపల్లి స్టేషన్‌కూ ఆబిడ్స్‌కూ మధ్య ఒక సందులో, పాత భవనం రెండో అంతస్తులో ఉండేది. కింద జిరాక్సు షాపు, దాని పక్కన సూట్‌కేసులకు జిప్పులు వేసే కొట్టు. పైన మేము, మాతోపాటు బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన బురద. హైదరాబాద్‌లో సముద్రం లేదు కదా అని ప్రతి పెళ్లిలోనూ మా బంధువుల్లో ఒకరు నాకు గుర్తు చేసేవారు, అదేదో నేను గమనించనట్టు. సముద్రం రాదు, బురదే రైలెక్కి వస్తుందని చెప్పేదాన్ని. నాంపల్లి పార్శిల్ ఆఫీసులో చేపల బుట్టల పక్కన మా ప్లాస్టిక్ డబ్బాలు దిగేవి. వాటిని విడిపించుకుని, డబ్బాలోంచి ఏదో కారుతోందని గొణిగే ఆటో అతన్ని బతిమాలి ల్యాబుకు చేర్చడం కూడా నా పరిశోధనలో భాగమే.

ఆ బురదలో ఒకే ఒక్క కణంతో బతికే జీవులుంటాయి. ఫొరామినిఫెరా అంటారు. నోరు తిరగక మేం ఫొరాములు అనేవాళ్లం. ఒక్క కణమే అయినా ఊరికే ఉండదు, తన చుట్టూ గవ్వ కట్టుకుంటుంది. ఒళ్లు పెరిగి గది చాలకపోతే పక్కనే ఇంకో గది, దాని పక్కన మరొకటి. జీవి చచ్చిపోయాక గవ్వ సముద్రం అడుగున మిగిలిపోతుంది. చిటికెడు ఎండిన మట్టిలో వందల గవ్వలు దొరుకుతాయి. మామూలు కంటికి అవి బొంబాయి రవ్వ నలుసులే. మైక్రోస్కోపు కింద పెడితే కొన్ని ఇసుక రేణువులు అతికించుకున్నవి, కొన్ని పింగాణీలా తెల్లనివి, కొన్ని గాజులాంటివి. గదులు ఏ వరసలో ఉన్నాయి, నోరు ఎక్కడుంది, అంచున గీత ఉందా లేదా అని చూసి అది ఏ జాతో తేల్చాలి. నది వచ్చి కలిసేచోట బతికేది నడిసముద్రం అడుగున బతకదు. కాబట్టి గవ్వ జాతి తెలిస్తే ఆ మట్టి ఒకప్పుడు ఎంత లోతులో ఉండేదో చెప్పొచ్చు. మా విద్యంతా ఇంతే.

చెప్పడానికి ఇంతే గాని చెయ్యడానికి మెడ పడిపోయేది. నల్లరంగు పళ్లెంలో మట్టి పలచగా పరిచి, మూడు వెంట్రుకల కుంచె కొస నాలుకతో తడిపి, ఒక్కో గవ్వనూ ఎత్తి, గడులు గీసిన అట్టముక్క మీద జిగురుతో అంటించాలి. ఫ్యాను వేస్తే నెల రోజుల పని గాలికి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో రెండో అంతస్తులో, ఫ్యాను లేకుండా, తుమ్ము ఆపుకుంటూ కూర్చున్న మనిషికి కోపం ముక్కు మీద ఉంటే తప్పు పట్టకూడదు. నాకు మామూలుగానే అక్కడుంటుంది.

బురద కడిగేది నేను కాదు, ఒక పెద్దావిడ. మహబూబ్‌నగర్ వైపు పల్లె నుంచి ఒక కరువు ఏడాదిలో భర్తతో కలిసి వచ్చేసింది. ఆయన ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోసేవాడు. ఆమె మా దగ్గర రోజుకూలీ మీద చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె నన్ను బిడ్డా అనేది, నా మీద కోపం వస్తే మేడమ్ అనేది. మేడమ్ అంటే ఆ పూటకి టీ లేదని అర్థం.

కడగడం తేలికనుకుంటారు. నీళ్లధార కాస్త గట్టిగా పడితే గవ్వలు పగిలిపోతాయి, మెల్లగా పడితే బంకమట్టి వదలదు. కొత్తలో మేం కడిగిన మట్టిలో గవ్వలకన్నా పెంకులే ఎక్కువ. పెద్దమ్మ చేతిలో జల్లెడ అలా ఇలా ఊగేది, అంతే. "వడ్లల్ల రాళ్లేరినోళ్లకు గిదొక పనా" అనేది. ఒకసారి మైక్రోస్కోపులో చూడమన్నాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "ఇగో, గిది సకినం తీర్గున్నది" అంది. పండక్కి చేసే ఆ పిండివంటలాగే చుట్లు చుట్లుగా ఉన్న గవ్వ అది. అప్పట్నుంచి ఆ ఆకారం కనిపిస్తే నోటుబుక్కు అంచున సకినం అనే రాసుకునేదాన్ని. లాటిన్ పేరు తర్వాత తీరిగ్గా వెతుక్కునేదాన్ని.

మా పనిలో ఒక ఆచారం ఉంది. జల్లెడ ఎంత కడిగినా దాని సన్నటి కన్నాల్లో కొన్ని గవ్వలు ఇరుక్కునే ఉంటాయి. తర్వాత ఇంకో చోటి మట్టి పోస్తే ఈ పాతవి వదిలి అందులో కలిసిపోతాయి. ఎక్కడిది ఎక్కడిదో తెలియక మా లెక్క తలకిందులవుతుంది. అందుకని ఒక మట్టికీ ఇంకో మట్టికీ మధ్య జల్లెడను నీలం నీళ్ల ట్రేలో ముంచాలి. ఇరుక్కున్న గవ్వలకు నీలం పడుతుంది. రేపు పొద్దున పళ్లెంలో నీలం గవ్వ కనిపిస్తే అది ఈ మట్టిది కాదు, నిన్నటిది. మా ల్యాబులో దాన్ని చుట్టం అనేవాళ్లం. చుట్టాన్ని పక్కన పెట్టి మిగతావాటినే లెక్కలోకి తీసుకునేవాళ్లం.

ఈ ముంచడం వల్ల పెద్దమ్మ వేళ్లు ఏడాది పొడుగునా నీలంగా ఉండేవి. కోఠి బస్సులో ఎవరో ఒకరు ఎక్కడ ఎలక్షన్లమ్మా అని అడిగేవాళ్లట. ఆమెకు సంతకం రాదు. ఏ నెంబరు మట్టి ఏ రోజు కడిగిందీ రిజిస్టర్‌లో మేం రాసేవాళ్లం, ఆమె బొటనవేలు ట్రేలో అద్ది ఆ వరస చివర ముద్ర వేసేది. విడిగా ఇంకు అవసరం ఉండేది కాదు. ఆ ముద్రలే ఆమెకు హాజరు. ఆ రిజిస్టర్ ఎక్కడ తెరిచినా కుడివైపు నిలువునా నీలం ముద్రలే.

మా గైడు సారుది కోస్తా. రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. ఆయనకి రెండు పట్టుదలలు. కడిగే చెయ్యి ఒక్కటే ఉండాలి, అది పెద్దమ్మది, మేం ముట్టుకోకూడదు. రెండోది, అనుమానం ఉంటే కొత్త జాతి అనకూడదు. ఆ ఏడాది ఆయన పెద్దమ్మను పర్మినెంటు చేయించే పనిలో ఉన్నాడు. రోజుకూలీల పేర్లు పైకి పంపే లిస్టు ఒకటి తయారవుతోంది. ఎడతెరిపి లేకుండా పనికి వచ్చినట్టు హాజరు ఉండాలి, పనిలో తప్పు లేదని సారు ఉత్తరం ఉండాలి. ఆమెకి ఆ ఫైలు మీదే ప్రాణం. "జర సారుకు యాది చెయ్యి బిడ్డా" అని రోజుకోసారి నాతో అనేది. భర్తకు నడుం పోయింది, మూటలెత్తే రోజులు అయిపోతున్నాయి. కూలీ అయితే రమ్మన్ననాడు రావాలి, పొమ్మన్ననాడు పోవాలి. పర్మినెంటు అయితే పొమ్మనేవాడు ఉండడు.

ఏప్రిల్లో ఒకరోజు ఆమె రాలేదు. భర్తను అఫ్జల్‌గంజ్ వైపు దవాఖానకు తీసుకెళ్లిందని ఎవరో కబురు చెప్పారు. నాకు మూడు మట్టులు అర్జెంటు. ఒక సదస్సుకు జూన్ ఆఖరుకల్లా వ్యాసం పంపాలి, గవ్వలు ఏరడానికే నెలలు పడుతుంది. సారు ఊళ్లో లేడు. కుళాయిలో నీళ్లు పదకొండు దాకే వస్తాయి. నేనే కొంగు దోపుకుని జల్లెడ పట్టాను. మొదట గోదావరి మొగ దగ్గరి మట్టి, తర్వాత నడిసముద్రం మట్టి, ఆ తర్వాత ఇంకొకటి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య జల్లెడను నీలంలో ముంచలేదు. మరిచిపోయానని చెప్పుకుంటే బాగుంటుంది గాని మరిచిపోలేదు. ట్రేలో నీలం అయిపోయింది, పొడి కలపాలి, అప్పటికే పదిన్నర. కుళాయి కింద జల్లెడను రెండుసార్లు దులిపి, ఇది చాల్లే అనుకున్నాను.

మర్నాడు పొద్దున పెద్దమ్మ వచ్చీరాగానే రిజిస్టర్ ముందు పెట్టాను. మూడు వరసల చివర ముద్ర వెయ్యమన్నాను. ఎందుకని అడగలేదు. నేనే చెప్పాను: "నీ ఫైలు నడుస్తోంది కదా పెద్దమ్మా, మధ్యలో ఒకరోజు ఖాళీ ఎందుకు?" అందులో నిజం లేకపోలేదు. నేను కడిగానని సారుకు తెలియకూడదన్నది దానికంటే పెద్ద నిజం. ఇంకా నీలం కలపలేదు గనక పక్క గదిలోంచి గుమాస్తా స్టాంపు ప్యాడ్ తెచ్చిచ్చాను. ఆమె మూడు ముద్రలు వేసి, చేతులు కడుక్కుని, టీ పెట్టింది.

జూన్‌లో ఆ నడిసముద్రపు మట్టి పళ్లెంలో పరిచాను. మూడో రోజు ఒక గుండ్రటి గవ్వ కనిపించింది. అమోనియా అనే జాతి. పేరు విని ముక్కు మూసుకోకండి, వాసనకూ దానికీ సంబంధం లేదు. అమోనియా నది మొగల దగ్గర, లోతులేని ఉప్పునీళ్లలో బతుకుతుంది. అంత లోతున ఉండటానికి వీల్లేదు. ఒకటైతే వదిలేద్దును. సాయంత్రానికి నాలుగు దొరికాయి. ఒక్కదానికీ నీలం లేదు.

చుట్టం కాదు. మరి ఏమిటి? నాలుగూ మామూలు అమోనియాకంటే చిన్నవి. పైగా నాలుగూ ఒకే సైజు, అచ్చులో పోసినట్టు. గోడలు పలచగా ఉన్నాయనిపించింది. అంచున సన్నటి గీత ఉందనిపించింది. మనకి కావాలనుకుంటే మైక్రోస్కోపులో ఏదైనా కనిపిస్తుంది. లోతుకు అలవాటు పడిన కొత్త జాతి అని రాశాను. లక్షణాల్లో మొదటిది ఒకే పరిమాణం. సారు రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. నీలం లేదు కదా సర్ అంటే, సరే పంపు అన్నాడు. సదస్సు పుస్తకంలో అరపేజీ అచ్చయింది. ఆ అరపేజీ కింది షాపులో పది జిరాక్సులు తీయించాను. మా అమ్మ ఒకటి తన బైబిల్లో పెట్టుకుంది.

సెప్టెంబరులో మా పని చూడటానికి విశాఖ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నా నాలుగు గవ్వల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. ఆఖరికి తలెత్తి, "ఇవన్నీ ఒకే సైజు ఎందుకున్నాయమ్మా?" అని అడిగాడు.

"అదే సర్, ఈ జాతి లక్షణం" అన్నాను, గొప్పగా.

"మీ జల్లెడ కన్నం ఎంతుంటుంది?"

కన్నంలో ఇరుక్కునే గవ్వ కన్నమంతే ఉంటుంది. చిన్నది జారిపోతుంది, పెద్దది పైనే ఉండిపోతుంది. ఆ నాలుగూ అంతకుముందు కడిగిన గోదావరి మట్టివి, నేను కొత్త జాతి లక్షణమని రాసింది మా జల్లెడ కొలత. ముందు రోజుల్లో ఎన్ని వందల చుట్టాలను ఏరి పక్కన పెట్టానో, అవన్నీ కూడా అదే సైజు. నీలం లేదన్న ఒక్క మాట పట్టుకుని ఆ సంగతి చూడలేదు. ఆయన వెటకారం చెయ్యలేదు. మా రోజుల్లో నేనూ ఒకటి ఇలాగే పుట్టించానమ్మా అని చల్లారిన టీ తాగేశాడు. వెటకారం చేసినా బాగుండేది.

సారు మాత్రం అక్కడితో వదల్లేదు. "ముంచి ఉంటే నీలం పట్టాలిగా. రిజిస్టర్ తియ్యండి" అన్నాడు. తీసింది నేనే. ఆ పేజీ తెరిచి పెట్టిందీ నేనే. పెద్దమ్మను పిలిచారు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఏమ్మా, ఈ మూడూ కడిగింది నువ్వేనా?"

ఆమె రిజిస్టర్ మీదికి వంగి కాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. "ఏలిముద్ర నాదే సారు" అంది.

"మరి మధ్యలో ముంచకుండా ఎందుకు కడిగావు?"

"నేనైతె ఎన్నడు ముంచకుంట కడగలే సారు."

"అయితే ఇవెక్కడివి?" అని సారు నా గవ్వల అట్ట చూపించాడు. పెద్దమ్మ మళ్లీ నా వైపే చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా మైక్రోస్కోపులో తల దూర్చి, పళ్లెం లేని చోట ఏదో వెతుకుతున్నట్టు నటించాను. సారు బల్ల మీద ఆమె పర్మినెంటుకు కావాల్సిన ఉత్తరం టైపు చేసి సంతకం కోసం ఉంది. ఆయన దాన్ని చింపలేదు, తిట్టలేదు. సొరుగు లాగి లోపల పెట్టి, "తర్వాత చూద్దాం" అన్నాడు.

అప్పుడే నోరు విప్పొచ్చు. ఆ సాయంత్రం విప్పొచ్చు. మర్నాడు విప్పొచ్చు. ఫెలోషిప్పు పోతుందని భయపడ్డాను. ఆమె రాలేదని నేను చెబితే దొంగ హాజరు బయటపడుతుందని, అది ఆమెకే చేటని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇలాంటి వాదనలు దొరకాలంటే మనిషి చదువుకుని ఉండాలి.

ఆ రోజు నుంచి పెద్దమ్మ ఒక కొత్త అలవాటు పట్టింది. జల్లెడ ముంచే ప్రతిసారీ నన్ను పిలిచేది. "బిడ్డా, జర గిటు చూడు, ముంచుతున్న." నేను మెడ తిప్పి చూసేదాకా జల్లెడను ట్రే మీద పట్టుకుని నిలబడేది. రోజుకు నాలుగుసార్లు, ఐదుసార్లు. తన మీద మళ్లీ మాట రాకుండా సాక్ష్యం పెట్టుకుంటోందని అనుకున్నాను. చూశాన్లే పెద్దమ్మా, ముంచు అనేదాన్ని. ఒకసారి విసుక్కున్నాను కూడా.

మాది మెదక్ నుంచి వచ్చిన కుటుంబం. అమ్మ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై నా దగ్గరే ఉండేది. ప్రతి ఆదివారం ఆబిడ్స్‌లో చర్చికి వెళ్లేవాళ్లం. నెలలో మొదటి ఆదివారం ప్రసంగం అయ్యాక బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం. దానికి ముందు అయ్యగారు ఒక మాట చెబుతారు. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే ముందు వెళ్లి ఆ మనిషితో సరిచేసుకుని రండి, ఆ తర్వాత బల్ల దగ్గరికి రండి అని. చిన్నప్పట్నుంచి వింటున్నదే. మావాళ్లలో తోడికోడళ్లు మాట్లాడుకోకపోతే ఏళ్ల తరబడి బల్లకు వెళ్లనివాళ్లున్నారు. మాట్లాడుకోకుండా వెళ్లినవాళ్లను చర్చంతా చూస్తుంది. అక్టోబరు మొదటి ఆదివారం ఆ మాట రాగానే లేచి బయటికి వచ్చేశాను.

బయట ఆదివారం ఆబిడ్స్. షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. అరగంట అక్కడే తిరిగాను. నవంబరు, డిసెంబరుల్లోనూ అంతే. ఎవరో నర్సింగు కోచింగు పుస్తకాలు అడిగారని ఒకసారి, తలనొప్పని ఒకసారి అమ్మతో చెప్పాను. జనవరిలో ఒక రాశి దగ్గర గొంతుక్కూర్చుని, గవ్వల బొమ్మలున్న పాత పుస్తకం ఒకటి తిరగేస్తున్నాను. పక్కన చెప్పులు ఆగాయి. అమ్మ. చేతిలో బైబిలు సంచీ.

"నాలుగు బల్లలైనయ్" అంది. "ఎవరితోని పంచాది?"

"ఎవరితోనూ లేదమ్మా."

"పంచాది లేకుంటె తప్పు నీదన్నట్టు. ముప్పై ఏండ్లు నాడి పట్టుకున్న నేను. నాతోని చెప్పకు. ఎవరికి చెప్పాల్నో వాళ్లకు చెప్పు." అంతే. తర్వాత ఆ పుస్తకం ధర తగ్గించమని పుస్తకాలతనితో ఉర్దూలో బేరమాడి కొనిపెట్టింది.

సోమవారం సారు గదికి వెళ్లాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. "సర్, ఏప్రిల్లో ఆ మూడు మట్టులూ నేనే కడిగాను. నీలం నేనే ముంచలేదు. ఆవిడ ఆ రోజు రాలేదు, భర్తను దవాఖానకు తీసుకెళ్లింది. ముద్రలు మర్నాడు నేనే వేయించాను." ఒక్క ఊపిరిలో చెప్పేశాను, ఎక్కడైనా ఆగితే మళ్లీ అబద్ధం దొర్లుతుందేమోనని.

ఆయన కళ్లజోడు పెట్టుకోలేదు. "లిస్టు డిసెంబరులోనే పైకి వెళ్లిపోయిందమ్మా" అన్నాడు.

"మళ్లీ లిస్టు ఎప్పుడు సర్?"

"ఎవడికి తెలుసు?" సొరుగు లాగి ఆ ఉత్తరం తీశాడు. తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసి సంతకం పెట్టాడు. నాకు ఒక మెమో, సదస్సువాళ్లకు నా కొత్త జాతిని వెనక్కి తీసుకుంటున్నానని నా చేత ఒక ఉత్తరం. అవన్నీ అయ్యాక అడిగాడు. "ఆవిడకు చెప్పావా?"

"లేదు సర్."

"మరి నాకెందుకు చెప్పావు ముందు?"

ఆ సాయంత్రం ఉస్మాన్‌గంజ్‌లో పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఎండుమిర్చి ఘాటుకు సందు మొదట్లోనే దగ్గొచ్చింది. గోదాముల వెనక ఒకే గది. భర్త నడుముకు పట్టీ కట్టుకుని మంచం మీద పడుకుని ఉన్నాడు. పెద్దమ్మ జొన్నరొట్టె తడుతోంది. నన్ను చూసి పీట జరిపింది. నేను కూర్చోలేదు. సారుకు చెప్పిందే మళ్లీ చెప్పాను. ఆమె రొట్టె తట్టడం ఆపలేదు.

"ఎర్కనే" అంది.

"ఏం తెలుసు?"

"సారు రిజిస్టర్ చూపిచ్చిండు గద. అండ్ల నావన్ని నీలం ముద్రలు. మూడే వంకాయ రంగువి. ప్యాడుతోని ఏసినవి. నేను రాని దినానివని గప్పుడే ఎర్కైంది."

ఆ పేజీ సారు చూశాడు, విశాఖ నుంచి వచ్చిన పెద్దాయన చూశాడు, నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. "మరి సారుకు అప్పుడే చెప్పొచ్చు కదా పెద్దమ్మా?"

"ఏమని చెప్పాలె? ఆ దినం రాలేదంటె దొంగ హాజరైతది. వచ్చిన్నంటె తప్పు నాదైతది." రొట్టె పెనం మీద వేసి తడిచేత్తో అద్దింది. "నువ్వు గాన్నే ఉంటివి. నువ్వు చెప్తవని చూసిన. ఆ దినం చూసిన. తెల్లారి చూసిన. ఇగ నీకు యాదికి రాదా అని, జల్లెడ ముంచినప్పుడల్లా పిలిచిన. చూసినవ్ గాని చెప్పకపోతివి."

మంచం మీద భర్త గోడవైపు తిరిగాడు. లిస్టు వెళ్లిపోయిందన్న సంగతి కూడా నేనే చెప్పాలి. చెప్పాను. ఆమె పెనం దించింది. రొట్టె తినమంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఎందుకు దాచుకోవడం, నిజంగానే ఆశపడ్డాను.

"పోండి మేడమ్" అంది. "చీకటైతె బస్సు దొరకది."

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి రిజిస్టర్ తెరిచాను. మైక్రోస్కోపు అక్కర్లేదు. నిలువునా నీలం ముద్రలు, వాటి మధ్య మూడు వంకాయ రంగువి. లేని అంచుగీతను గవ్వ మీద చూసినదాన్ని, ఉన్న రంగును కాగితం మీద చూడలేకపోయాను. ఫిబ్రవరిలో అమ్మ పక్కన నిలబడి బల్ల తీసుకున్నాను. తేలిగ్గా ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు.

పెద్దమ్మ పనిలో తేడా రాలేదు. అదే చెయ్యి, ఒక్క గవ్వ పగలదు. ముంచేటప్పుడు నన్ను పిలవడం మానేసింది. మాట్లాడేది, టీ కూడా ఇచ్చేది. కానీ మేడమ్ అనే పిలిచేది. నాకు డాక్టరేటు వచ్చినరోజు మేడమ్, మా అమ్మ పోయినప్పుడు పలకరించడానికి వచ్చి మేడమ్. సారు రిటైరయ్యాడు. ల్యాబులో కంప్యూటరు వచ్చింది. నేను అక్కడే ఉద్యోగంలో చేరాను. సారు బల్ల నాకిచ్చారు, ఆ సొరుగుతో సహా. ప్రతి ఏడాదీ ఆమె ఉత్తరం కొత్త తేదీతో టైపు చేయించి పైకి పంపేదాన్ని.

రెండువేలు దాటిన తర్వాత ఒక వేసవిలో ఆర్డరు వచ్చింది. అప్పటికి ఆమెకు సర్వీసు ఎంతో మిగల్లేదు. పింఛను రావడానికి చాలదని, ఆర్డరు చేతికిస్తూనే గుమాస్తా చెప్పేశాడు, నోరు ఊరుకోక. పెద్దమ్మ విని తల ఊపింది. చేరినట్టు కాగితం మీద ముద్ర వెయ్యాలి. గుమాస్తా స్టాంపు ప్యాడ్ మూత తీసి ఆమె ముందుకు జరిపాడు.

ఆమె ప్యాడ్ వంక చూసింది. బొటనవేలు కొంగుకు తుడుచుకుంది. తర్వాత గది ఈ చివర్న నిలబడ్డ నన్ను చూసింది.

"గా ప్యాడు నాకొద్దు" అంది. "నీలం తే బిడ్డా."

గుమాస్తా ఏదో అనబోయాడు. నేను లోపలికి వెళ్లాను. ట్రే ఎండిపోయి ఉంది. డబ్బా అడుగున కొంచెం పొడి మిగిలి ఉంటే, నీళ్లు పోసి కలిపి, తొణక్కుండా రెండు చేతులతో పట్టుకొచ్చాను.